ఓదెలు ఇవ్వని మాట

2022 ఎండాకాలం. గోదావరిఖని చౌరస్తాకు కాస్త లోపలగా, మిక్సీలూ కూలర్లూ బాగుచేసే ఒక షాపు పైగదిలో నా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే రెండు టేబుళ్లు, ఒక ఇన్వర్టరు, చల్లదనం కన్నా చప్పుడు ఎక్కువిచ్చే కూలరు. బడులకు ఫీజుల సాఫ్ట్‌వేరు, మందుల షాపులకు బిల్లింగు, ఫంక్షన్ హాళ్లకు బుకింగ్ వెబ్‌సైట్లు చేసిపెట్టేదాన్ని. పొద్దున రాగానే కీబోర్డు తుడిస్తే గుడ్డ నల్లబడేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పెట్టినప్పుడు కిటికీ రెక్కలు గలగలలాడేవి. ఆ సమయానికి ఫోన్లో హైదరాబాద్ క్లయింటు ఎవరైనా ఉంటే "ఏమైందండీ?" అని కంగారుపడేవారు. "ఏం లేదండీ, బొగ్గు" అనేదాన్ని. ఇప్పుడు నేనూ హైదరాబాద్‌లోనే, తెరవడానికి వీల్లేని అద్దాల కిటికీల మధ్య పనిచేస్తున్నాను. కీబోర్డు మీద దుమ్ము ఉండదు. మధ్యాహ్నాలు మాత్రం ఏదో రావలసింది రానట్టుగా ఉంటాయి.

కింది షాపు జలీల్ చాచాది. ఆ గది నాకు అద్దెకిచ్చింది కూడా ఆయనే. ఊళ్లో చాలామందికి ఆయన మెకానిక్‌గా కన్నా రక్తం మనిషిగా తెలుసు. ఏ దవాఖానలో ఎవరికి రక్తం కావాలన్నా ముందు ఆయనకే ఫోన్ వచ్చేది. ఒక చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి, "అన్నా, నీది బీ పాజిటివ్ గదా, ఇయ్యాల్ల సెకండ్ షిఫ్టు గదా, జర పొద్దున్నే దవాఖానకొచ్చి పో" అనేవాడు. దాతల గ్రూపులూ షిఫ్టులూ ఆయనకు నోటికి వచ్చేవి.

వయసు మీద పడ్డాక ఆ జ్ఞాపకం తడబడటం మొదలైంది. సెలవుల్లో ఊరికొచ్చిన కొందరు ఇంజినీరింగు పిల్లలు ఆయన కోసం ఉచితంగా ఒక యాప్ తయారుచేసి ఇచ్చారు. రక్తం అవసరాన్ని అందులో నమోదు చేస్తే, ఆ గ్రూపు దాతలందరికీ ఎవరి లింకు వాళ్లకు మెసేజీగా వెళ్తుంది. దాత ఆ లింకు తెరిస్తే చాలు, అతని పేరు ఎదుట "వస్తున్నారు" అని పచ్చగా పడుతుంది. తగినంత మంది దొరకగానే మిగతావాళ్లను అడగడం ఆగిపోతుంది. పిల్లలు బాగానే చేశారు. తర్వాత ఉద్యోగాలొచ్చి తలో దిక్కు వెళ్లారు. సర్వరు నడుస్తోందో లేదో చూసుకునే బాధ్యత పైగదిలో ఉన్నదాన్ని కాబట్టి నామీద పడింది. అప్పటిదాకా ఆ కోడు నేను తెరిచి చూసే అవసరమే రాలేదు.

ఒక రోజు మధ్యాహ్నం కింద గట్టిగా అరుపులు వినిపించి దిగి వెళ్లాను. నస్పూర్ నుంచి వచ్చిన శంకర్ అనే యువకుడు కౌంటరు మీద చెయ్యి కొట్టి మాట్లాడుతున్నాడు.

"చాచా, వస్తున్న అని మీ యాప్ల ఆయన పేరు పడ్డది. బ్లడ్ బ్యాంకు గేటు దిక్కు సూసుకుంట సాయంత్రం దాక కూసున్నం. రానే రాలే. మా అక్క సావు దాక పోయొచ్చింది!"

విషయం మెల్లగా తెలిసింది. రెండు రోజుల కిందట శంకర్ అక్కకు కాన్పు. ఆమెది ఓ నెగెటివ్, అరుదుగా దొరికే గ్రూపు. ఆపరేషనుకు ముందే రక్తం సిద్ధంగా ఉంచమని డాక్టర్లు చెప్పారు. యాప్‌లో ఓదెలు అనే దాత పేరు పచ్చగా పడింది. ఒక్కరు చాలన్నారు గనుక ఇంకెవరినీ అడగలేదు. ఓదెలు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఈలోగా ఆమెకు రక్తస్రావం మొదలై, అంబులెన్సులో కరీంనగర్ తరలించాల్సి వచ్చింది. అక్కడ రక్తం దొరికింది. తల్లీ బిడ్డా బతికారు. కానీ ఆ దారి పొడుగునా అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నవాడు శంకర్. అతని కోపాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

"మీ దగ్గరికి రాకముందే పొద్దుగాల్ల బాయి కాడికి పోయిన," అన్నాడు. "క్యాంటీన్ల అందరి ముంగట అడిగిన, మాటిచ్చి ఎగ్గొడ్తవా అని."

జలీల్ చాచా చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. ఓదెలు ఆయనకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. సెంటినరీ కాలనీలో ఉంటాడు. భూగర్భ గనిలో పని. ఇక్కడ గనిని అందరూ బాయి అంటారు. ఓ నెగెటివ్ కావాలంటే చాచాకు మొదట గుర్తొచ్చే పేరు ఆయనదే.

శంకర్ వెళ్లాక కాసేపటికి డ్యూటీ దిగిన ఓదెలు నేరుగా షాపుకే వచ్చాడు. స్నానం చేసి బట్టలు మార్చుకున్నా కనురెప్పల అంచున బొగ్గు నలుపు అలాగే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జలీలన్నా, నేను వస్త అని ఎప్పుడు పెట్టిన? ఆ దినం బాయికెళ్లి ఇంటికొచ్చినంక ఫోన్ సూసిన. నువ్వు పంపిన లింకు ఒత్తిన. దాత దొరికిండు, ధన్యవాదాలు అని వచ్చింది. ఎవరో ఇచ్చిండ్రు గదా అనుకున్న. ఫోన్ చార్జింగుకు పెట్టి మేనకోడలు పెండ్లికి మంథని దిక్కు పోయిన."

చాచా ఫోన్ తెర ఆయన వైపు తిప్పాడు. "ఇగో సూడు ఓదెలూ. నీ పేరే. వస్తున్నారు అని ఉన్నది. టైము సుత పడ్డది. మిషిన్ అబద్ధం ఆడుతదా?"

ఓదెలు ఆ తెరను చూడలేదు. చాచా ముఖంలోకే చూశాడు.

"మిషిన్ ఆడదు. అయితే నేను ఆడుతున్ననా?"

సమాధానం కోసం ఒక్క క్షణం ఆగాడు. చాచా మళ్లీ తెర వైపే చూశాడు. ఓదెలు తిరిగి బైకు ఎక్కి వెళ్లిపోయాడు.

నేను చాచా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ టైము చూశాను. పొద్దున పదకొండు దాటాక. ఓదెలుకు ఆ వారం ఫస్ట్ షిఫ్టు, పొద్దున ఏడు నుంచి. అంటే అప్పుడాయన భూమి లోపల ఉన్నాడు.

మా బాపు గని మీద ల్యాంప్ రూములో పనిచేసి రిటైరయ్యాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ నెత్తిన కట్టుకునే లైటు ఇచ్చే గది అది. దాని తర్వాత జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోన్, ఏదీ లోపలికి పోనివ్వరు. గనిలో గ్యాస్ ఉంటే చిన్న నిప్పురవ్వకే ప్రాణాలు పోతాయి. చిన్నప్పుడు బాపుకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్లి ఆ తనిఖీ ఎన్నోసార్లు చూశాను. పదకొండు గంటలకు ఓదెలు ఫోన్ నొక్కడం జరిగే పని కాదు.

"చాచా, ఆ టైముకు ఓదెలు కాక బాయిల ఉన్నడు. ఆయన చెప్పేది నిజం," అన్నాను.

"మరి ఒత్తింది ఎవరు బేటీ?"

పైకెళ్లి మొదటిసారి ఆ కోడు తెరిచాను.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. యాప్ వెనక సర్వరులో, మనుషులకు కనపడని ఒక కిటికీ లాంటిది ఉంటుంది. దాన్ని ఏపీఐ అంటాం. యాప్ నుంచీ బ్రౌజరు నుంచీ వచ్చే అభ్యర్థనలన్నీ ఆ కిటికీ దగ్గరికే చేరతాయి. ప్రతి అభ్యర్థనా తను వచ్చిన పనేమిటో ఒక మాటలో చెబుతుంది. ఆ మాటే మెథడ్. 'గెట్' అంటే చూపించమని అడగడం. 'పోస్ట్' అంటే ఇది తీసుకుని నమోదు చెయ్యమనడం. ఏ చిరునామాకు ఏ మెథడ్‌తో వస్తే ఏ పని జరగాలో నిర్ణయించడాన్ని రౌటింగ్ అంటాం. గెట్ ఎన్నిసార్లు వచ్చినా సర్వరులో ఏదీ మారకూడదు. ఇది మా వృత్తిలో అందరూ మొదటి వారమే నేర్చుకునే పాఠం.

ఆ పిల్లలు, దాతకు పని సులువు కావాలని, లింకు తెరవడాన్నే ఒప్పుకోలుగా రాశారు. లింకు తెరవడమంటే గెట్. అంటే ఆ చిరునామాను ఎవరు తెరిచినా, ఏది తెరిచినా, దాత వస్తానన్నట్టే.

సర్వరు తన దగ్గరికి వచ్చిన అభ్యర్థనలన్నిటి జాడ దాచుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. వచ్చిన ప్రతిదీ ఫలానా బ్రౌజరునని తన పేరు చెప్పుకుంటుంది. ఓదెలు లింకు రెండుసార్లు తెరుచుకుంది. సాయంత్రం తెరిచింది మామూలు ఫోన్ బ్రౌజరు. పొద్దున తెరిచింది అసలు బ్రౌజరే కాదు, మెసేజింగ్ యాప్.

చాచాను పైకి పిలిచాను. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు.

"చాచా, ఓదెలు కాకకు లింకు ఎట్ల పంపినవ్?"

"మెసేజీలు అందరికీ పోతలేవు బేటీ, ఈ నెల సంది గట్లనే ఉన్నది. అందుకే మనోళ్లు అనుకున్నోళ్లకు లింకు నా ఫోన్ల అతికించి నేనే పంపుతున్న. పైన రెండు ముచ్చట్లు సుత రాస్త."

నన్నే దాతగా పెట్టి ఒక ఉత్తుత్తి అవసరం సృష్టించాను. లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పి పెట్టాను. నా పేరు ఎదుట గడి ఖాళీగా ఉంది.

"ఈ లింకు నాకు పంపుతున్నట్టే అతికించు. కానీ పంపకు. ఊకె అతికించు, అంతే."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వేలితో నెమ్మదిగా అతికించాడు. లింకు మీద చిన్న పెట్టెలాంటిది వచ్చింది. పేజీ పేరూ రక్తపు బొట్టు బొమ్మా అందులో కనిపించాయి. దాన్ని ప్రివ్యూ అంటారు. లింకులో ఏముందో ముందే చూపించడానికి మెసేజింగ్ యాప్ తనంతట తానే ఆ పేజీని ఒకసారి తెరిచి చూసి వస్తుంది.

లాప్‌టాప్‌లో నా పేరు పచ్చబడింది. వస్తున్నారు.

"నేను పంపనే లేదు గదా," అన్నాడు చాచా.

"లే."

"మల్ల చెయ్యి."

ఇంకో అవసరం పెట్టాను. ఆయన మళ్లీ అతికించాడు. మళ్లీ పచ్చబడింది. చాచా ఫోన్‌ను టేబులు మీద బోర్లా పెట్టి, దాన్నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంటే ఓదెలు తరఫున ఒప్పుకున్నది నేనే. మల్ల ఆయన వచ్చి అడిగితే, దాత దొరికిండు పో అని చెప్పింది సుత మన యాపే. ఆ దొరికినోడు ఆయననే."

అవునన్నాను. ఓదెలును ఆ రోజు ఆపింది ఆయన పేరే.

చాచా ఫోన్ మళ్లీ తీసుకుని దాతల జాబితా తెరిచాడు. తర్వాత, "ఇంకెవరెవరు ఉన్నరు బేటీ, గిట్ల?" అన్నాడు. లాగ్‌లో వెతికాను. ఆ నెలలో మెసేజింగ్ యాప్ ఒప్పుకున్న దాతలు మరికొందరు ఉన్నారు. అందరూ చాచా సొంత మనుషులే. మాటిచ్చి రాలేదని లోపల్లోపల ఆయన నొచ్చుకున్నవాళ్లే. ఆ సాయంత్రం షాపు ముందు కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాఫ్ చెయ్యమని అడిగాడు. అవతలివాళ్లలో కొందరికి ఆయన దేనికి అడుగుతున్నాడో కూడా అర్థం కాలేదు.

మర్నాడు మరమ్మతు మొదలుపెట్టాను. అదే చిరునామాకు రెండు దారులు వేశాను. గెట్‌తో వస్తే ఒక పేజీ మాత్రమే చూపిస్తుంది. ఎవరికి, ఏ దవాఖానలో, ఎప్పటికల్లా రక్తం కావాలో ఉంటుంది. కింద "వస్తాను", "రాలేను" అని రెండు బటన్లు. బటన్ నొక్కితేనే పోస్ట్ వెళ్తుంది. నమోదయ్యేది అప్పుడే. మిగతా మెథడ్‌లు ఏవి వచ్చినా, ఆ పద్ధతి ఇక్కడ చెల్లదని తిప్పి పంపేస్తుంది.

నమోదుకు ముందు కొన్ని తనిఖీలు పెట్టాను. అభ్యర్థనకూ అసలు పని చేసే కోడుకూ మధ్య నిలబడే ఈ భాగాన్ని మిడిల్‌వేర్ అంటాం. లింకు ఆ దాతదేనా, గడువు దాటిందా అని అది చూస్తుంది. తేడా ఉంటే అక్కడే ఆపుతుంది. ఆ తర్వాత వాలిడేషన్, అంటే లోపలికి వచ్చిన వివరం సరైన రూపంలో ఉందా అని పరీక్షించడం. ఇది పెట్టాక ఇంకో సంగతి బయటపడింది. నమోదు చేసుకునేటప్పుడు కొందరు తమ గ్రూపులో 'ఓ' అక్షరానికి బదులు సున్నా కొట్టారు. సర్వరుకు సున్నా వేరు, ఓ వేరు. ఓ నెగెటివ్ అడిగినప్పుడల్లా వాళ్లకు కబురే వెళ్లలేదు. అలా ఆ గ్రూపు దాతలు ఇద్దరు ఇన్నాళ్లూ మాకు తెలియకుండా ఊళ్లోనే ఉన్నారు.

చాచాకు ఇదంతా చూపిస్తే బటన్ దగ్గర ఆగిపోయాడు.

"ఇంకోసారి ఒత్తాలెనా? పెద్దోళ్లుంటరు బేటీ. లింకు ఒత్తుడే వాళ్లకు కష్టం."

"ఒత్తాలె చాచా. లింకు తెరిచినోడు ఊకె సూస్తుండొచ్చు. వాళ్ల మనుమడు తెరిచి ఉండొచ్చు. వస్త అనే మాట మటుకు ఆ మనిషే చెప్పాలె."

"మరి ఈ నడిమిట్ల తనిఖీ ఏంది?"

"బాయి మీద జేబులు తడుముతరు గదా, దిగకముందు. గదే. లోపలికి పోయినంక అగ్గిపెట్టె దొరికితే ఏం ఫాయిదా?"

ఆయన తల ఊపాడు. 

ఆ ఆదివారం ముగ్గురం సెంటినరీ కాలనీకి వెళ్లాం. నేను, చాచా, శంకర్. శంకర్‌కు సంగతంతా ముందే చెప్పాం. విన్నాక అతను వెంటనే బైకు తీశాడు. క్వార్టర్ల వరసల మధ్య ఎండ తెల్లగా కాస్తోంది. ఒక్కో గుమ్మానికి ఒక్కో పాత చీర పరదాగా కట్టి ఉంది. ఓదెలు ఇంటి ముందు తడిపిన గోనెపట్ట వాసన.

ఓదెలు భార్య పద్మ మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి విన్నది. ప్రివ్యూ గురించీ బటన్ గురించీ నేను చెప్పగలిగినంత సులువుగా చెప్పాను. చివరిదాకా ఆగి, ఆమె చాచా వైపు తిరిగింది.

"యాప్ల ఏం రాసుంటే గదే నమ్మినవ్. ఇరవై ఏండ్ల సంది ఈ మనిషిని సూస్తున్నవ్ గదన్నా. నీకు ఈ మనిషి మీద నమ్మకం ఏడికి పోయింది?"

చాచా చేతులు జోడించాడు. ఆయన కళ్లు తడిసి ఉన్నాయి. "గల్తీ నాది చెల్లే," అన్నాడు, అంతే.

వెనక నుంచి ఓదెలు వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. శంకర్ ముందుకు వచ్చాడు.

"కాకా, క్యాంటీన్ల అన్న మాట మల్ల క్యాంటీన్లనే వాపస్ తీసుకుంట. రేపు షిఫ్టు మారే టైముకు వస్త."

ఓదెలు వద్దనలేదు. అంతదాకా ఎందుకని మొహమాటపడలేదు కూడా. "రా," అన్నాడు. తర్వాత అడిగాడు, "మీ అక్క మంచిగున్నదా? పోరడా, పోరియా?"

"పోరి. మంచిగున్నది."

అప్పుడు పద్మ పక్కకు జరిగి, లోపలికి రమ్మంది.

శంకర్ మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు షిఫ్టు మారే వేళ, గని క్యాంటీనులో, కార్మికుల మధ్య నిలబడి జరిగింది చెప్పాడట. నేను చూడలేదు. బాపు పాత దోస్తుల ద్వారా ఇంటికి చేరిన కబురు అది. అందరూ విని, ఎవరి టీ గ్లాసు వాళ్లు పట్టుకుని లేచారనీ, ఒకతను మాత్రం ఓదెలుకు ఇంకో టీ చెప్పాడనీ బాపు అన్నాడు.

ఓదెలు కొన్నాళ్లు యాప్ ముట్టలేదు. "లింకులు పంపకు, ఫోన్ చెయ్యి" అని చాచాకు చెప్పేశాడు. చాచా సరేనన్నాడు. వానలు మొదలయ్యాక, రామగుండంలో ఒక రైల్వే ఉద్యోగి భార్యకు ఓ నెగెటివ్ అవసరమైంది. అలవాటుగా కబురు యాప్ ద్వారా అందరికీ వెళ్లింది. చాచా ఓదెలుకు ఫోన్ చేసేలోపే నా తెర మీద ఆయన పేరు పచ్చబడింది. మళ్లీ అదే జరిగిందేమోనని లాగ్ తెరిచాను. పోస్ట్. మామూలు బ్రౌజరు. తనిఖీలన్నీ దాటి వచ్చింది. అయినా నమ్మకం కుదరక కిందికి పరుగెత్తాను. చాచా అప్పటికే స్పీకరులో మాట్లాడుతున్నాడు.

"ఓదెలూ, నువ్వేనా ఒత్తింది?"

"నేనే ఒత్తిన. ఇయ్యాల్ల డ్యూటీ లేదు. బట్టలేసుకుంటున్న."

తర్వాతి ఏడాదే నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. చాచా షాపు అల్లుడికి అప్పగించి ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఓదెలు రిటైరై క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు చేరాడు. దాతగా ఆయన వయసు కూడా దాటిపోతోంది. యాప్‌ను ఇప్పుడు వేరే కుర్రాళ్లు చూసుకుంటున్నారు. పైగది ఎవరికో గోదాముగా ఇచ్చారని విన్నాను.

ఇక్కడ నా పనిలో రోజూ ఇతరుల కోడు చదవాలి. ఒక గెట్ వెనక ఏదైనా మారుతున్నట్టు కనిపిస్తే నేను దాన్ని ముందుకు పోనివ్వను. కొత్తగా చేరినవాళ్లు "చిన్న విషయమే కదా మేడం" అంటారు. అప్పుడు వాళ్లకు నిబంధనలు చదివి వినిపించను. గనిలోకి దిగిన ఒక మనిషి, పైన తన పేరు మీద ఎవరో మాట ఇచ్చేశారని తెలియకుండా, షిఫ్టు అయ్యేదాకా బొగ్గు తవ్వుకుంటూ ఉన్నాడని చెబుతాను. విన్నాక వాళ్లు బటన్ పెడతారు.

ఒక మనిషి ఏం చేశాడో యంత్రం చెప్పినప్పుడు, ముందు ఆ మనిషిని అడగాలి. ఆ ఎండాకాలం నాకు నేర్పింది అదే.